చదును చెదరని పలక

మన పాత బళ్ళలో గంట అంటే చాలాచోట్ల వరండా దూలానికి ఇనప తీగతో వేలాడదీసిన రైలు పట్టా ముక్కే. సుత్తితో ఒక్కటిస్తే ఊరి చివరి పొలం దాకా వినిపించేది. అదే ముక్కను కిందికి దించి, నేలమీద పడుకోబెట్టి కొడితే టక్కుమని ఊరుకుంటుంది. ఇనుము అదే, సుత్తి అదే. తేడా అంతా వేలాడదీయడంలో ఉంది. జంగందేవర చేతిలోని జేగంటదీ ఇదే రహస్యం. లోహం అంచులు దేనికీ తగలకుండా గాలిలో ఉంటే, దెబ్బకు పుట్టిన కంపనం బయటికి పోయే దారి లేక లోహంలోనే తిరుగుతూ నాదమవుతుంది.

అమెరికాలో టెక్సస్, ఆరిజోనా, న్యూమెక్సికో వంటి రాష్ట్రాల రైఫిల్ రేంజిలకు వెళితే ఈ జేగంట మరో రూపంలో కనిపిస్తుంది. దూరాన మట్టికట్ట. దాని ముందు ఒక అడ్డకర్ర. దానికి రెండు గొలుసులు, వాటికి తెల్లరంగు వేసిన గుండ్రటి ఉక్కు పలక. గాంగ్ అంటారు దాన్ని. షూటర్ మూడు వందల మీటర్ల దూరం నుంచి కాలుస్తాడు. తూటా అక్కడికి చేరడానికి అరసెకను కన్నా తక్కువే పడుతుంది. పలక ఊగడం దుర్భిణిలో కనబడుతుంది. మోత మాత్రం ఇంకా రాదు. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లే నడుస్తుంది కాబట్టి, మరో 0.9 సెకన్లు ఆగాక 'టంగ్' మని చెవిన పడుతుంది. చూపుకూ వినికిడికీ నడుమ ఉండే ఆ చిన్న నిరీక్షణ కోసమే ఈ ఆటకు వచ్చేవాళ్ళున్నారు.

మన దగ్గర గురి అంటే ఎక్కువగా కాగితం, ఈ మధ్య ఎలక్ట్రానిక్ తెర. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదు షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. కాగితం ఎక్కడ తగిలిందో చెబుతుంది. ఉక్కు పలక మోత తగిలిందా లేదా అన్నదే చెబుతుంది, కానీ అప్పటికప్పుడు, గొంతెత్తి చెబుతుంది. కాగితానికి చిల్లు పడితే దాని పని అయిపోయినట్టే. పలక వేల దెబ్బలు తిన్నాక కూడా మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉండాలి. ఈ 'అలాగే ఉండటం' వెనక ఎంత పనితనం ఉందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా, తూటా పలకకు తగిలిన క్షణంలో ఏం జరుగుతుందో చూడాలి. మామూలు రైఫిల్ తూటా లోపల మెత్తటి సీసం, పైన పల్చటి రాగి తొడుగు. అది గట్టి ఉక్కుకు తగలగానే ముక్కు దగ్గర మొదలై తోక దాకా నలిగిపోతుంది. ఆ వేగంలో సీసం ఘనపదార్థంలా ప్రవర్తించదు, ద్రవంలా పారుతుంది. బోరు పైపు లోంచి దూకే నీళ్ళు ఎదురుగా బండకు తగిలితే ఎలా పరుచుకుంటాయో, సీసం తునకలూ అలాగే పలక ముఖాన్ని అంటిపెట్టుకుని అన్ని వైపులకూ చిమ్ముతాయి. అవి వెనక్కి తిరిగి రావు. పలక తలానికి ఇరవై డిగ్రీల లోపు కోణంలో, పళ్ళెం అంచుల్లా పక్కలకు పోతాయి.

అయితే ఇది పలక చదునుగా ఉన్నంతవరకే. వంటింట్లో గిన్నెలు కడిగేవాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. బోర్లించిన పళ్ళెం మీద కొళాయి ధార పడితే నీళ్ళు పక్కలకు జారిపోతాయి. అదే ధార గరిటె గుంటలో పడితే తిరిగి మన ముఖానికే చిమ్ముతుంది. పలకలో చిన్న గుంత పడినా అది గరిటెగా మారిపోతుంది. ఆ గుంతలో పడిన తూటా తునకలు అంచు వెంట తిరిగి, వచ్చిన దారినే వెనక్కి బయల్దేరతాయి. కాబట్టి ఉక్కు పలక పని తూటాను ఆపడమొక్కటే కాదు, దాన్ని పొడి చేసి ఆ పొడిని మనం చెప్పిన వైపుకు పంపడం. ఆ పని పలక చదును మీద ఆధారపడి ఉంది. ఉక్కు ఎంపిక, కోత, మందం, బోల్టు, వంపు, గొలుసు ఇవన్నీ ఆ ఒక్క చదునును కాపాడటానికి పుట్టినవే.

ఉక్కుతో మొదలుపెడదాం. కిటికీ చువ్వలకూ గేట్లకూ వాడే మామూలు మైల్డ్ స్టీలు ఇక్కడ పనికిరాదు. రైఫిల్ తూటా దాన్ని తొలిచేస్తుంది, లేదా లోతుగా గుంత పెడుతుంది. రేంజిలలో పేరున్న గ్రేడు ఏఆర్ 500. 'ఏఆర్' అంటే అరుగుదలను తట్టుకునేదని అర్థం. ఈ రకం ఉక్కు తుపాకుల కోసం పుట్టింది కాదు. కంకర, ఖనిజం, బొగ్గు మోసే డంపర్ల తొట్టెలూ, తవ్వకం యంత్రాల బకెట్లూ రోజంతా రాపిడికి అరిగిపోకుండా ఉండటానికి తయారైంది. షూటర్లు దాన్ని గనుల నుంచి అరువు తెచ్చుకున్నారు.

పేరులోని 500 బ్రినెల్ కాఠిన్యపు అంకె. స్వీడన్ ఇంజినీరు యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ 1900లో లోకానికి చూపించిన పరీక్ష అది, ఎంతో సాదాగా ఉంటుంది. పది మిల్లీమీటర్ల వ్యాసమున్న గట్టి గోళీని 3,000 కిలోల బరువుతో లోహం మీద నొక్కుతారు. గోళీ తీశాక పడిన సొట్ట వ్యాసం కొలుస్తారు. మైల్డ్ స్టీలులో సొట్ట దాదాపు ఐదున్నర మిల్లీమీటర్లు వస్తుంది, లెక్క కడితే అంకె 116 చుట్టూ తేలుతుంది. ఏఆర్ 500 మీద అదే గోళీ, అదే బరువు పెడితే సొట్ట రెండుంముప్పావు మిల్లీమీటర్లే. వ్యాసం సరిగ్గా సగం, కాఠిన్యం మాత్రం నాలుగు రెట్ల పైన. సొట్ట పడకపోవడమే మనకు కావలసిన గుణం కాబట్టి, సొట్టను కొలిచే ఈ పరీక్ష కన్నా తగిన కొలబద్ద మరొకటి ఉండదు.

ఈ గట్టిదనం ఎలా వచ్చింది? ఉక్కు పలకను సుమారు 900 డిగ్రీల దాకా కాల్చి, ఒక్కసారిగా నీటితో చల్లారుస్తారు. వేడిలో ఇనుము పరమాణువుల అమరిక మారి కార్బన్ వాటి మధ్య కరిగి ఉంటుంది. నెమ్మదిగా చల్లారితే ఆ కార్బన్ బయటికి వచ్చి తన దారి చూసుకుంటుంది. హఠాత్తుగా చల్లారితే దానికి ఆ వ్యవధి దొరకదు. ఇరుకులో చిక్కుకుపోయి చుట్టూ ఉన్న అమరికను బిగబట్టి ఉంచుతుంది. ఆ బిగువే కాఠిన్యం. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్ళ తొట్లో ముంచేది ఇందుకే. ఆ తర్వాత కాస్త వెచ్చచేసి పెళుసుదనం తగ్గిస్తారు. మరీ గట్టిగా ఉంటే పలక గాజులా పగులుతుంది.

వేడితో వచ్చిన గుణం వేడితోనే పోతుంది. పలక వేడి రెండు వందలు, రెండు వందల యాభై డిగ్రీలు దాటితే చిక్కుకున్న కార్బన్ కదలడం మొదలుపెడుతుంది, ఉక్కు మెత్తబడుతుంది. అందుకే కోత దగ్గర పనివాడి తెలివి తెలుస్తుంది. గ్యాస్ కటింగ్ చవక, కానీ కోత అంచు పొడవునా వెడల్పాటి మెత్తటి పట్టీ మిగులుతుంది. ప్లాస్మా కోతలో ఆ పట్టీ సన్నబడుతుంది, లేజరు కోతలో ఇంకా సన్నబడుతుంది. అసలు వేడే పుట్టించనిది నీటి కోత. వాతావరణ పీడనానికి నాలుగు వేల రెట్ల ఒత్తిడితో సన్నటి నీటి ధారను వదిలి, అందులో గార్నెట్ పొడి కలుపుతారు. మన శ్రీకాకుళం తీరపు ఇసుకలో ఇల్మనైటుతో పాటు దొరికే ఎర్రటి ఖనిజం ఇదే. నీళ్ళు దాన్ని మోసుకుపోతాయి, గార్నెట్ రేణువులు ఉక్కును గీకుతాయి. పలక అంచు నుంచి నడిమి దాకా ఒకే గట్టిదనంతో బయటికి వస్తుంది.

ఇదే కారణంగా మంచి పలక ముఖం మీద వెల్డింగు కనబడదు. కొక్కెమో కొళికో పలకకే అతికితే పని సులువే. కానీ అతికిన చోట చుట్టూ మెత్తబడిన మచ్చ ఒకటి మిగులుతుంది. మొదటి గుంత అక్కడే పడుతుంది. కాబట్టి వేలాడదీయడానికి పలకలో రంధ్రం కోయించుకుని బోల్టు వేస్తారు.

మందం సంగతి. పాయింట్ ట్వంటీటూ లాంటి చిన్న తూటాలకూ పిస్తోళ్ళకూ పావు అంగుళం, అంటే ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు చాలు. మామూలు రైఫిళ్ళకు మూడు బై ఎనిమిది అంగుళాలు, మన మేస్త్రీల లెక్కలో మూడు నూలు. బలమైన రైఫిళ్ళకు అర అంగుళం. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మందం గుంతను ఆపదు. గుంతను ఆపేది కాఠిన్యం. మందం చేసేది పలక వంగకుండా చూడటం. మెత్తటి పలకను రెండింతలు మందం చేసినా గుంత గుంతే, కాకపోతే చిల్లు పడదంతే. గుంత పడి చిల్లు పడని పలక కాల్చేవాడికి మరింత ప్రమాదం కూడా.

దూరం కూడా ఉక్కు ఎంపికలో భాగమే. తూటా వేగం సెకనుకు సుమారు 900 మీటర్లు దాటితే ఏఆర్ 500 అయినా కాట్లు పడటం మొదలవుతుంది. ఏఆర్ 15 వంటి సన్నకారు రైఫిళ్ళ తేలిక తూటా గొట్టం వదిలేటప్పుడు ఆ గీతకు పైనే ఉంటుంది. వంద గజాలు ప్రయాణించేసరికి గాలి దాన్ని గీత కిందికి దింపుతుంది. రైఫిలుకు కనీసం వంద గజాలు అన్న నియమం కాల్చేవాడి కళ్ళను కాపాడటానికే అనుకుంటాం. అది పలకనూ కాపాడుతోంది. రెంటికీ ఒకే నియమం సరిపోవడం యాదృచ్ఛికం కాదు, పలక చెడితేనే కదా మనిషికి ముప్పు. ఇనప గుజ్జున్న తూటాలు మాత్రం ఎంత దూరం నుంచైనా నిషిద్ధం. అందుకే చాలా రేంజిలలో గేటు దగ్గరే ఒక అయస్కాంతం ఉంటుంది. తూటా దానికి అంటుకుంటే ఉక్కు పలకల వైపు పోనివ్వరు.

ఇప్పుడు బోల్టు. దీని పేరు క్యారేజ్ బోల్టు. గుర్రపు బండ్ల చెక్కలు బిగించడానికి పుట్టిన పాత రకం. తల మీద స్పానరు పట్టే మూలలు ఉండవు, నున్నటి గోపురంలా ఉంటుంది. తల కిందనే చతురస్రపు మెడ. పలకలో రంధ్రాన్ని గుండ్రంగా కాకుండా చతురస్రంగా కోస్తారు. మెడ అందులో కూర్చుంటే బోల్టు తిరగమన్నా తిరగదు. వెనక నుంచి ఒక్క స్పానరుతో నట్టు బిగించవచ్చు. ఆ గోపురపు తలలో ఎంత ఆలోచన ఉందో చూడండి. మామూలు ఆరుమూలల తల అయితే దాని అంచుకు తగిలిన తూటా ఎటు పోతుందో చెప్పలేం. గోపురానికి తగిలితే పక్కకు జారుతుంది. నట్టు కూడా ప్రతి దెబ్బకూ వదులు కాకుండా లోపల నైలాను చుట్టు ఉన్నదాన్ని వాడతారు. పలక ముఖంలో చదునుకు భంగం కలిగించేది ఈ తల ఒక్కటే. అందుకే దాన్ని పలక పై అంచుకు దగ్గరగా, గురి నడిమికి దూరంగా పెడతారు. చెడితే మార్చేది చవకైన బోల్టునే, పలకను కాదు.

ఇక ఈ పనితనంలో నాకు ఎక్కువగా నచ్చిన భాగం, వంపు. పలక నిటారుగా ఉంటే తునకలు అన్ని వైపులకూ సమంగా పోతాయి. ముఖం కాస్త నేల వైపు వంగి ఉంటే ఎక్కువ భాగం కిందికి, మట్టిలోకి పోతుంది. పదిహేను నుంచి ఇరవై డిగ్రీల వంపు కావాలి. దీనికోసం ప్రత్యేకమైన స్టాండూ, ఆధారమూ, కోణం కొలిచే పరికరమూ ఏదీ అక్కర్లేదు. గొలుసును పలకకు ముందు కాకుండా వెనక తగిలిస్తే చాలు.

ఎలాగంటే, వేలాడే ఏ వస్తువైనా తన గరిమనాభి సరిగ్గా వేలాడదీసిన బిందువు కిందికి వచ్చేదాకా తిరుగుతుంది. ముప్పై సెంటీమీటర్ల గుండ్రటి పలక తీసుకోండి. గరిమనాభి నడిమధ్యన ఉంటుంది. బోల్టు రంధ్రాలు దానికి పన్నెండు సెంటీమీటర్ల పైన ఉన్నాయనుకుందాం. బోల్టు పొడుగ్గా ఉండి, దాని మీద చిన్న పైపు ముక్కో స్ప్రింగో ఎక్కించి, పలకకు నాలుగు సెంటీమీటర్ల వెనక గొలుసు తగిలిస్తే, గరిమనాభి ఆ కొసకు కిందికి రావడానికి పలక తల షూటరు వైపు వాలుతుంది, ముఖం నేలను చూస్తుంది. నాలుగును పన్నెండుతో భాగిస్తే మూడో వంతు. ఆ నిష్పత్తికి కోణం పద్దెనిమిది డిగ్రీలు. పైపు ముక్క పొడవు మారిస్తే వంపు మారుతుంది. గొలుసును పొరపాటున ముందు వైపు తగిలిస్తే పలక ఆకాశం వైపు చూస్తుంది, తునకలూ అటే పోతాయి. ఒక చిన్న పైపు ముక్క, భూమ్యాకర్షణ కలిసి ప్రతి దెబ్బ తర్వాతా పలకను మళ్ళీ అదే కోణానికి తెచ్చి నిలబెడతాయి.

స్ప్రింగు వాడితే మరో లాభం ఉంది. దెబ్బ తగిలిన క్షణంలో బోల్టు మీద పడే కుదుపును అది కొంత మింగుతుంది. పలకకు గట్టి ఇనుము ఏదీ నేరుగా ఆనదు కాబట్టి నాదం కూడా అణగదు. బడి గంట పాఠం ఇక్కడా పనికొచ్చింది.

దెబ్బకు పలక ఎంత ఊగుతుంది? లెక్క కట్టి చూస్తే ముచ్చటేస్తుంది. ముప్పై సెంటీమీటర్ల వ్యాసం, పది మిల్లీమీటర్ల మందం ఉన్న పలక బరువు ఐదున్నర కిలోలు. పాయింట్ త్రీనాటెయిట్ రైఫిల్ తూటా బరువు పదకొండు గ్రాములు, వంద గజాల దగ్గర దాని వేగం సెకనుకు సుమారు 750 మీటర్లు. పలక తూటాకు ఐదు వందల రెట్లు బరువు. కాబట్టి ద్రవ్యవేగం చేతులు మారాక పలక వేగం ఐదు వందల వంతు, సెకనుకు ఒకటిన్నర మీటర్లు. అంటే పలక పది పన్నెండు సెంటీమీటర్ల ఎత్తు లేచేంత ఊపు. శక్తి లెక్క మాత్రం వేరు. తూటా తెచ్చింది 3,100 జౌళ్ళు, పలక ఊపులోకి వెళ్ళింది ఆరు జౌళ్ళు. మిగిలిన దాదాపు మొత్తం సీసాన్ని పొడి చేయడానికీ, ఆ పొడిని చిమ్మడానికీ, వేడికీ ఖర్చయింది. మూడు వందల మీటర్ల అవతలికి వినిపించే ఆ మోతకు దక్కింది ఎంతో కొంచెం. ఊగడమనేది పలక తూటాతో పోట్లాడకపోవడమే. బిగించిన పలక ఆ కుదుపునంతా బోల్టుల మీదికి, స్టాండు మీదికి నెడుతుంది. వేలాడే పలక దాన్ని ఊపుగా మార్చి గాలికి వదిలేస్తుంది.

గొలుసా, పట్టీయా అన్నది రేంజిలలో ఎప్పుడూ నడిచే చర్చ. గొలుసు బాగా మోగనిస్తుంది, బరువు ఆపుతుంది, ఎండకూ వానకూ చెడదు. దాని లోపం ఒక్కటే, తూటా తగిలిన లంకె తెగి తునక ఎగురుతుంది. అందుకే గొలుసును పలక వెనక నుంచి పైకి తీసి, బయటికి కనబడే భాగం వీలైనంత తక్కువ ఉండేలా చూస్తారు. రెండో దారి పాతబడిన అగ్నిమాపక గొట్టం, లేదా కన్వేయర్ బెల్టు నుంచి కోసిన పట్టీ. తూటా తగిలితే సన్నటి చిల్లు చేసి వెళ్ళిపోతుంది, ఏదీ ఎగరదు. ఎన్ని చిల్లులు పడినా పట్టీ చాలాకాలం బరువు మోస్తుంది. మోత మాత్రం కొంచెం తగ్గుతుంది. గురి కుదరని కొత్తవాళ్ళు వచ్చే చోట పట్టీ, చేయి తిరిగినవాళ్ళ చోట గొలుసు అని పంచుకుంటే సరిపోతుంది.

వేలాడదీసే బిందువులు రెండు ఉండాలి. ఒక్క బోల్టుతో వేలాడే పలక అంచుకు దెబ్బ తగిలితే బొంగరంలా తిరుగుతుంది. రెండో తూటా వచ్చేసరికి అంచు ఎదురై ఉంటుంది, తునకలు ఏ వైపుకు పోతాయో తెలియదు. రెండు గొలుసులైతే పలక ముఖం తిప్పుకోదు. గొలుసు పొడవుకూ లెక్క ఉంది. మీటరు పొడవున వేలాడే లోలకం ఒకసారి ఊగి రావడానికి రెండు సెకన్లు పడుతుంది, ముప్పై సెంటీమీటర్లదైతే ఒక సెకను పైచిలుకు. పొట్టి గొలుసు పలక తొందరగా ఊగి తొందరగా నిలబడి తర్వాతి దెబ్బకు తయారవుతుంది.

వీటన్నిటినీ మోసే స్టాండు వినయంగా ఉండాలి. రెండు వైపులా కర్ర కాళ్ళు, పైన ఒక కర్ర దూలం. కర్రే ఎందుకంటే తప్పిన తూటా కర్రలోంచి దూసుకుపోతుంది, తిరిగిరాదు. పాడైతే కొత్తది వేస్తారు. ఇనప పైపుతో చేస్తే దాని ముందు వంచి పెట్టిన గట్టి ఉక్కు కవచం ఉండాల్సిందే. వెనక మట్టికట్ట పలక కన్నా ఎత్తుగా, వెడల్పుగా, రాళ్ళు లేకుండా ఉండాలి. పలక ఎంత గొప్పదైనా తప్పిన తూటాను ఆపేది మట్టే.

పలక పరిమాణాన్ని దూరంతో ముడిపెట్టి ఎంచుకుంటారు. షూటర్ల కొలత మినిట్, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. వంద మీటర్ల దగ్గర అది 2.9 సెంటీమీటర్లు, మూడు వందల దగ్గర 8.7. మూడు వందల మీటర్ల దగ్గరి ముప్పై సెంటీమీటర్ల పలక మూడున్నర మినిట్లు. నేర్చుకునేవాడికి నమ్మకమిచ్చే పరిమాణం అది. చేయి తిరిగినవాడు రెండు మినిట్ల పలక పెట్టుకుంటాడు. దాని వెడల్పు పదిహేడున్నర సెంటీమీటర్లు. పలక మరీ పెద్దదైతే మోతకు విలువుండదు, మరీ చిన్నదైతే అసలు మోతే ఉండదు.

చివరి పని రంగు. చవక రకం తెల్లటి స్ప్రే రంగు చాలు. తూటా తగిలిన చోట రంగు ఎగిరిపోయి, బూడిదరంగు నక్షత్రం పడుతుంది. దుర్భిణిలో దాన్ని చూసి ఎంత పక్కకు తగిలిందో లెక్కగడతారు. ఆ నక్షత్రం కిరణాలు పలక ఆరోగ్యాన్నీ చెబుతాయి. అన్ని వైపులా నిండుగా పరుచుకుంటే ముఖం చదునుగా ఉన్నట్టు. ఒకచోట కిరణాలు విరిగితే అక్కడ గుంత పడినట్టు. కొన్నాళ్ళకు పలక కాస్త వంగితే తిప్పి రెండో ముఖం ముందుకు పెడతారు. తుప్పుకు ఎవరూ బెంగపడరు, అది పైపైనే ఉంటుంది.

ఈ కుటుంబంలో వేలాడని ఉక్కు గురులూ ఉన్నాయి. మెక్సికోలో ఒకప్పుడు పండగలకు దూరంగా కట్టేసిన కోడినో గొర్రెనో కాల్చడం ఆటగా ఉండేది. 1948లో ఆ జంతువుల స్థానంలో ఉక్కు ఆకారాలు నిలబెట్టి పోటీ జరిపారు. 1960ల చివర అది సరిహద్దు దాటి ఆరిజోనాకు వచ్చింది. 1973లో అమెరికా జాతీయ రైఫిల్ సంఘం దాన్ని తన పోటీల్లో చేర్చుకుంది. కోడి రెండు వందల మీటర్లు, అడవిపంది మూడు వందలు, టర్కీకోడి 385, పొట్టేలు ఐదు వందలు. ఐదేసి ఆకారాలను ఎడమ నుంచి కుడికి, నిలబడి, ఏ ఆసరా లేకుండా, రెండున్నర నిమిషాల్లో పడగొట్టాలి. ఇక్కడ మోగడం చాలదు, పడాలి. పాతిక కిలోల పొట్టేలును ఐదు వందల మీటర్ల దగ్గర తాకిన పదకొండు గ్రాముల తూటా సెకనుకు ఇరవై సెంటీమీటర్ల వేగం మాత్రమే ఇవ్వగలదు. కాళ్ళ కింద పాదం వెడల్పును ఆ కాస్త వేగానికి సరిపోయేలా కొలిచి పెట్టారు. వీపు మీద తగిలితే పడుతుంది, కాళ్ళకు తగిలితే కదిలి ఊరుకుంటుంది. వెల్డింగు కూడా దెబ్బలు తక్కువ తగిలే ఆ పాదం దగ్గరే ఉంటుంది.

ఇన్ని భాగాలూ కలిసి ఒక్కటయ్యాక చూస్తే కనబడేది ఒక తెల్లటి పళ్ళెం, రెండు గొలుసులు. కాఠిన్యం గుంత పడనివ్వదు, నీటి కోత కాఠిన్యాన్ని కరగనివ్వదు, మందం వంగనివ్వదు, గోపురపు తల చదునును చెడనివ్వదు, పైపు ముక్క వంపును ఇస్తుంది, గొలుసు దెబ్బను ఊపుగా మారుస్తుంది. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మిగిలినవి ఆ లోటు పూడ్చలేవు.

అమెరికాలో ఉంటూ స్నేహితులతో సరదాగా రేంజికి వెళ్ళే తెలుగువాళ్ళు ఇప్పుడు తక్కువేమీ కాదు. అక్కడ తుపాకీ ఏ కంపెనీదని అడిగే ముందు, కాల్పులు ఆగాయని, ముందుకు వెళ్ళొచ్చని రేంజివాళ్ళు ప్రకటించినప్పుడు పలక దాకా నడిచి వెళ్ళి చూడండి. గొలుసు వెనక తగిలించి ఉందా, ముఖం నేలను చూస్తోందా గమనించండి. పలక మీద గుంతలుంటే అక్కడ కాల్చకండి. చదునుగా ఉంటే వెనక్కి వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, చెవులు మూసుకుని కాల్చండి. ఇంటికి వెళ్ళాక సీసం పోయేలా చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నం ముందు కూర్చోండి.